గాదె రేకుల సాల

మా పశువుల సాల గోడ పట్టపగలు, ఎవరూ తాకకుండానే పడిపోయింది. నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. మట్టి గోడ లోపలికంటా నానిపోయింది. నేను అన్నం తింటూ ఉంటే ధాన్యం బస్తా కింద పడేసినట్టు చప్పుడైంది. ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. దక్షిణపు గోడ మొత్తం బయటికి ఒరిగి గట్టు మీద పడి ఉంది. మా గేదె మాత్రం కట్టుకొయ్య దగ్గరే నిలబడి, కొత్తగా తెరుచుకున్న వైపు నుంచి వరిచేనును ఎంతో ఇష్టంగా చూస్తోంది. దానికి దెబ్బ తగలలేదు సరికదా, ఇన్నాళ్ళూ ఆ గోడే అడ్డమన్నట్టుంది దాని ముఖం.

మాది నరసన్నపేటకు దగ్గర్లో ఒక ఊరు. మూడెకరాల వరి, కాస్త మెట్ట, ఒక గేదె, ఒక ఆవు, దాని దూడ. ఆ చలికాలమంతా ఆ మూడింటినీ టార్పాలిన్ కింద కట్టేశాం. సిమెంటు ఇటుకలతో కడదామని నేను రోజూ అనేవాడిని. రోజూ అనడమే తప్ప ఒక్క ఇటుకా ఇంటికి రాలేదు. మా ఆవిడ మొదట్లో "ఎప్పుడు బావా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. అది అడగడం కంటే ఎక్కువ బాధపెట్టింది. ఆమె మా మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ నన్ను బావా అనే పిలిచేది, తర్వాతా అంతే.

కోతలు, నూర్పులు అయిపోయి ఎండలు ముదిరాక ఒకనాడు మా బావమరిది ఫోన్ చేశాడు. అతను నరసన్నపేట దగ్గర ఒక రైసుమిల్లులో ఫిట్టరు.

"బావా, మా మిల్లులో పాత ఇనుప గాదె తీసీస్తన్నారు. పైవరసలన్నీ క్రేనెట్టి దించీసేరు. కింద రెండు వరసలకి క్రేను అక్కర్లేదు. విప్పినోళ్ళకి కూలి కింద ఆ రేకులే ఇచ్చీస్తానన్నాడు ఓనరు. నీకు సాల గోడకి పనికొస్తాయేటి?"

"ఎలాంటి రేకులురా?"

"మందం రేకులు బావా. సుత్తితో కొట్టినా సొట్ట పడదు. సూస్తే ఒగ్గీసి రాలేవు."

అంతకంటే ఏం కావాలి? మర్నాడు పొద్దున్నే నేనూ మా ఆవిడా బస్సెక్కి వెళ్ళిపోయాం. మిల్లు వెనక ఖాళీ స్థలంలో ఆ గాదె నిలబడి ఉంది. ఒకప్పుడు మూడంతస్తుల ఎత్తుండేదట. ఇప్పుడు నా తల దాటి ఒక జానెడు మాత్రమే మిగిలింది. పద్దెనిమిది అడుగుల వెడల్పున గుండ్రంగా, పైన ఆకాశం తెరుచుకుని పెద్ద నేలబావి చుట్టుగోడలా ఉంది. అలలు అలలుగా నొక్కిన జింకు రేకులు, వరసకు ఆరు. రెండు వరసలకూ కలిపి పన్నెండు. వాటిని పట్టి ఉంచిన బోల్టులు ఎన్నున్నాయో లెక్కపెట్టబోయి ఒక రేకు దగ్గరే విరమించుకున్నాను.

బోల్టు తల బయటుంది, నట్టు లోపలుంది. ఒకరు బయట పానా పట్టుకుని తల కదలకుండా ఆపాలి, ఇంకొకరు లోపల నట్టు తిప్పాలి. బావమరిదికి పగలు మిల్లులో డ్యూటీ. కాబట్టి ఆ ఇద్దరం మేమే. మొదట నేను లోపలికి వెళ్ళాను. లోపల పాత ఊక వాసన, పావురాల రెట్టలు, పక్కకు రాలిన గింజల నుంచి మొలిచి ఎండిపోయిన నారు. ఎండ మొత్తం ఆ గుండ్రంలోకే దిగినట్టుంది. తుప్పు పట్టిన నట్టు మీద కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, పానా వేసి బలంగా తిప్పితే కీచుమని కదిలేది. కొన్ని అప్పటికీ కదిలేవి కాదు. ఒక బోల్టు ఊడగానే చిటికెనవేలు పట్టేంత చిల్లు పడేది. ఆ చిల్లులోంచి మా ఆవిడ చీర రంగు కనిపించేది, ముఖం మాత్రం కాదు.

ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా మూడు రోజులు పనిచేశాం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మేమంతగా మాట్లాడుకున్నది అప్పుడే. రెండో రోజు చల్లబడ్డాక, పై వరస చివరి రేకు దగ్గర, చిల్లులోంచి ఆమె గొంతు వినిపించింది.

"బావా, ఒకటి సెప్తాను. నవ్వకూడదు."

"సెప్పు."

"నాను స్కూటీ నేర్సుకుంటాను."

ఎదురుగా ఉంటే నేను తప్పకుండా నవ్వేవాడిని. కనీసం "ఎక్కడికెల్తావేటి దానిమీద?" అనైనా అనేవాడిని. కానీ మనిషి కనిపించనప్పుడు మాట నిజంగా వినబడుతుందనుకుంటాను. ఆ గొంతులో ఎన్నాళ్ళుగానో దాచుకున్నదేదో ఉంది. "నేర్సుకో" అన్నాను. అవతల తను పానా ఎంత గట్టిగా పట్టుకుందో ఏమో, కదలనని మొండికేసిన నట్టు ఒక్క తిప్పుకే ఊడింది.

రేకులన్నీ ఊడదీసి, ఏది దేని పక్కనుండేదో తెలియాలని సుద్దతో అంకెలు వేశాం. ట్రాక్టరు ట్రాలీలో పేర్చుకుని ఊరికి తెచ్చాం. దారిలో వేసవి వాన ఒకటి పడి అంకెలన్నీ కడిగేసింది. దానికి నేను చింతించలేదు. ఎందుకంటే అప్పటికి నా మనసులో ఉన్నది నాలుగు మూలల సాల. తిన్నగా సాగదీసిన రేకు ఏది ఎక్కడ పెడితే ఏమిటి?

పాత గోడ పునాది పక్కన ముగ్గుతో గీతలు గీశాను. తూర్పు పడమరలు ఇరవై అడుగులు, ఉత్తర దక్షిణాలు పద్నాలుగు. ఇక రేకులు తిన్నగా సాగదీయడమే మిగిలింది. మొదటి రోజు సుత్తితో కొట్టాను. సొట్ట పడదని బావమరిది చెప్పింది అక్షరాలా నిజం. ఊళ్ళో సగం మందికి చెవులు గింగురుమన్నాయి తప్ప రేకు వంపు వెంట్రుకవాసి తగ్గలేదు. రెండో రోజు రేకును బోర్లించి దానిమీద బండరాళ్ళు పేర్చాను. సాయంత్రం రాళ్ళు తీసేసరికి రేకు హాయిగా ఒళ్ళు విరుచుకున్నట్టు మళ్ళీ వంగింది. మూడో రోజు ట్రాక్టరు తెప్పించాను.

ట్రాక్టరు తెప్పించడం పొరపాటు. ఆ వార్త వీధులన్నీ తిరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇళ్ళనుంచి కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. రేకును బాట మీద బోర్లా పరిచి, డ్రైవరును దానిమీదుగా పోనిమ్మన్నాను. ముందు చక్రం ఎక్కగానే రేకు అణిగింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక చక్రం దిగగానే రేకు అవతలి అంచు పైకి లేచి, ఢామ్మని ట్రాక్టరు వెనకభాగాన్ని తన్నింది. డ్రైవరు అదిరిపడి దూకేశాడు. బండి తనంతట తనే పోయి గడ్డివామిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఊరు మాత్రం పది రోజులపాటు అదే చెప్పుకుంది.

"ఇంకోపాలి పోనియ్యి!" అని ఎవరో కేకేశారు. డ్రైవరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ రోజే ఎండుచేపల పిన్ని వచ్చింది. సముద్రపొడ్డునున్న ఒక ఊరి నుంచి రెండు బస్సులు మారి, వారానికి రెండుసార్లు మా వీధుల్లో ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు అమ్ముకునే మనిషి. అరవై దాటినా గంప తలమీదుంటే నడుం వంగదు. మా అమ్మ బతికున్నప్పుడు ఆమెను చెల్లీ అని పిలిచేది. అలా నాకు పిన్ని, మా ఆవిడకు అత్త అయింది. గంప దించుకుని, చెంగుతో మెడ తుడుచుకుని, బాట మీద పడున్న రేకు కేసి చూసింది.

"ఏటి బాబూ, దాన్నేటి సేస్తన్నారు?"

"తిన్నగా సేస్తన్నాం పిన్నీ."

"ఎందుకేటి?"

"సాల కట్టడానికి. వంకరగా ఉంటే గోడెలా నిలబడతాది?"

పిన్ని లేచి వెళ్ళి రేకును చేత్తో నిమిరింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. "ఇది తీసినకాడ ఎలాగున్నాది? గుండ్రంగా నిలబడే ఉన్నాది గదా? మరి ఇక్కడా అలాగే నిలబడతాది. మా అమ్మోళ్ళది సుట్టిల్లు. నాను దాన్లోనే పుట్టేను. ఎన్ని గాలులొచ్చేయో. మూలుంటే గాలి ఆ మూల పట్టుకుని పెకిలిస్తాది. మూలే లేకపోతే దేన్ని పట్టుకుంటాది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చిరాకేసింది. మూడు రోజులుగా సుత్తి పట్టుకుని చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఇప్పుడొచ్చి ఒకావిడ గంప మీద చెయ్యేసుకుని రెండు ముక్కల్లో తేల్చేయడమా? "అవి సముద్రపొడ్డు ఇళ్ళు పిన్నీ, గొడ్లకి పనికిరావు" అన్నాను.

"మనుషులకి పనికొచ్చింది గొడ్లకి పనికిరాదేటి?" అంది మా ఆవిడ వెనకనుంచి.

ఆమె అప్పటికే తొమ్మిది అడుగులకు కొలిచిన తాడూ, కర్రముక్కా తెచ్చి ఉంది. తాడు ఒక కొస పిన్ని చేతికిచ్చి నా ముగ్గు గీతల మధ్యన కూర్చోబెట్టింది. రెండో కొసకు కర్ర కట్టి, తాడు బిగబట్టి, చుట్టూ నడుస్తూ గీత గీసింది. నేను గీసిన గీతలను తుడిచేస్తూ ఆ గుండ్రం మూసుకుంది. నేను వెళ్ళి ఒక రేకును ఆ గీత మీద నిలబెట్టాను. ఇద్దరం పట్టుకుంటే నిలబడుతుందనుకున్నాను. వదిలేసినా నిలబడింది. సుత్తికి, రాళ్ళకు, ట్రాక్టరుకు లొంగని రేకు ఆ గీత మీద మాత్రం బుద్ధిగా నిలబడి ఉంది. అప్పుడు నేనూ నవ్వాను.

పని మళ్ళీ మొదలైంది. మోకాలెత్తున రాయీ సిమెంటూ పెట్టి గుండ్రంగా పునాది లేపాం. దానిమీద ఒక్క వరస చాలనుకున్నాం. ఆరింటిలో ఐదు రేకులు నిలబెట్టి, ఆరోదాని చోటు వాకిలికి వదిలేశాం. ఇంకో రేకును మా బావమరిది ఆదివారం వచ్చి గ్రైండరుతో కోసి తలుపుగా బిగించాడు. ఏది దేని పక్కదో తెలియక బోల్టు చిల్లులు కలవడానికి రెండు రోజులు పట్టింది. అంకెలు కడిగేసిన వాన మీద అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. చివరికి ఆరు రేకులు మిగిలాయి.

గోడ లేచింది కానీ కప్పు రాలేదు. నాలుగు మూలల ఇంటికి వాసాలు దింపేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. గుండ్రటి కప్పు వేయమంటే ఒక్కొక్కరూ వచ్చి, పైకి చూసి, తల గోక్కుని, టీ తాగి వెళ్ళిపోయారు. పిన్నికి చెబితే, "మా అన్నని తోలుతాను. వేటకెల్లడం మానీసేడు. ఇంట్లో కూకుని అందర్నీ తిడతన్నాడు. మీకూ పనవుతాది, మాకూ సుఖముంటాది" అంది.

అప్పటికి మా ఆవిడ తమ్ముడి పాత స్కూటీ తెచ్చుకుని నడపడం నేర్చుకుంది. మొదటివారం రెండు కోళ్ళనూ ఒక చీపురుకట్టనూ భయపెట్టింది కానీ ఆ తర్వాత నిదానించింది. పిన్ని పంపిన ఆయన్ని హైవే మీద బస్సు దిగిన చోటు నుంచి తీసుకొచ్చింది ఆమే. పిన్ని అన్న కాబట్టి నాకు మావ. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎండకు నల్లబడి ఎండిన ఒళ్ళు, భుజాన తాళ్ళ చుట్ట, ఒళ్ళో పాత వల మూట. స్కూటీ దిగీ దిగగానే, "సముద్రంలో ఇంత భయం ఎప్పుడూ పడలేదు" అన్నాడు. తర్వాత గోడ చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి వెళ్ళి, బయటికి వచ్చాడు.

"ఈ గోడెవరు పెట్టేరు?"

"మేమే మావా."

"బాగున్నాది." ఆ మాట తప్ప మా పని మీద ఇంకో మెప్పు ఆయన నోటి వెంట మళ్ళీ వినలేదు.

సరుగుడు వాసాలు కావాలన్నాడు, తెచ్చాం. తాటాకు కావాలన్నాడు, కొట్టించాం. ఎడ్లబండి చక్రానికుండే ఇనుప పట్టా కావాలంటే మాత్రం ఆశ్చర్యపోయాను. అదీ అటక మీద దొరికింది. గుంజలు పాతాక ఆ పట్టాను నడిమధ్యన ఎత్తున నిలిపి, చుట్టూ వాసాల కొసలన్నీ దానికి కట్టాడు. ఒక్క మేకు లేదు. అన్నీ తాడు ముడులే. నేను కట్టిన ముడులను చూసి, నోరెత్తకుండా విప్పి, మళ్ళీ తనే కట్టేవాడు. మూడో రోజుకు నా ముడి ఒకటి విప్పకుండా వదిలేశాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తిండి దగ్గరే ఆయనతో కష్టమొచ్చింది. మా ఆవిడ మొదటిరోజు పప్పూ వంకాయకూరా వండింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, "అమ్మా, కూర బాగున్నాది. సేపేది?" అని అడిగాడు. పిన్ని దగ్గర కొన్న నెత్తళ్ళు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో మూడు పూటలా అవే. బావమరిది వాసన పట్టుకుని మిల్లు నుంచి రోజూ వచ్చేసేవాడు.

తాటాకు చూరు బాగా కిందికి దింపాడు మావ. రేకు మీద ఎండ పడకూడదట, రేకు పైనుంచి మూరెడు ఖాళీలోంచి గాలి మాత్రం ఆడాలట. అంతా అయ్యాక తను తెచ్చిన పాత వలను కప్పు మొత్తం మీద పరిచి, అంచులు కిందికి లాగి, గోడలోని ఖాళీ బోల్టు చిల్లులకు బిగించి కట్టాడు. విజయనగరంలో కాలేజీ చదువుతున్న మా అమ్మాయికి ఫోటో పంపితే, "నాన్నా, సర్కస్ ఎప్పుడు మొదలు?" అని జవాబిచ్చింది.

కూలి సంగతి ఎత్తేసరికి మావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడొద్దు. గాలి వచ్చి ఎల్లనీ. కప్పు నిలబడితే ఆ మిగిలిన ఆరు రేకులూ నాకియ్యి. నిలబడకపోతే నాకేటీ వద్దు." ఎంత బతిమాలినా వినలేదు. తాళ్ళ చుట్ట భుజాన వేసుకుని, "స్కూటీ ఎక్కను, నడుస్తాను" అని బయల్దేరాడు. మా ఆవిడ హైవే దాకా పక్కనే స్కూటీని మెల్లగా పోనిస్తూ వెళ్ళింది.

ఇక పశువులను లోపల కట్టడమే తరువాయి. ఆవు వెళ్ళింది. దూడ గంతులేసుకుంటూ వెళ్ళింది. గేదె వాకిట్లో ఆగి ఒక్కసారి అరిచింది. ఆ అరుపు రేకు గోడ చుట్టూ తిరిగి దాని ముఖం మీదికే వచ్చింది. అంతే, నన్ను తాడుతో సహా పొలంలోకి ఈడ్చుకుపోయింది. మూడు రోజులు పచ్చగడ్డి చూపించాను, తవుడు చూపించాను, వెనకనుంచి తోశాను. అది వాకిలి ముందు నిలబడి లోపల తనకంటే పెద్ద గేదె ఏదో ఉన్నట్టు అనుమానంగా చూసేది, అంతే.

నాలుగో రోజు మా ఆవిడ నన్ను పక్కకు జరగమంది. పాత గోనెసంచులు విప్పి కుట్టి లోపలి గోడకు తెరల్లా వేలాడదీసింది. తర్వాత పాత సాలలో గేదె ఇన్నేళ్ళూ నిలబడిన చోటి మట్టిని పారతో తవ్వి, గమేళాలతో మోసుకొచ్చి, కొత్త చోట పరిచింది. పాత కట్టుకొయ్యనే పెకిలించి తెచ్చి అక్కడ పాతింది. "ఇప్పుడు తాడు ఒగ్గీ" అంది. గేదె వాకిట్లో ముక్కు నేలకు ఆనించి వాసన చూసింది. ఒక్కొక్క కాలూ లోపల పెట్టింది. కట్టుకొయ్య దగ్గరికి వెళ్ళి పడుకుంది.

"పన్నెండేళ్ళు పెంచేవు. దానికేటి కావాలో నీకు తెలీదు" అంది మా ఆవిడ, చేతులు దులుపుకుంటూ. అది నిజమే.

మరో రెండు రోజులకు పిన్ని వచ్చింది. కప్పు వేశాక ఆమె లోపలికి రావడం అదే మొదలు. గంప బయట దించి, చూరు కింద వంగి లోపలికి వెళ్ళింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి నడిమధ్యన నిలబడి పైనున్న ఇనుప పట్టా కేసి, దాని చుట్టూ విప్పారిన వాసాల కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుడివైపు వెళ్ళి, గేదెను "జరుగే" అని మోచేత్తో తోసి, గోడ వార కూర్చుంది.

"ఇక్కడే మా అమ్మ పొయ్యి" అంది.

ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వీధంతా శ్లాబు ఇళ్ళు వచ్చేశాయి. మంచివేనట, కారవట. "ఉక్కగా ఉంటాది గానీ మంచివే" అంది. మా ఆవిడ దగ్గర కూర్చుంది. పిన్ని చిన్నతనం గురించి చెప్పసాగింది. "మా అయ్య కొట్టడానికొస్తే దాక్కుందామంటే మూలేదీ? మా అమ్మ సుట్టూ తిరిగీవోళ్ళం. మేం తిరుగుతంటే మా అయ్యా తిరిగీవోడు. తిరిగి తిరిగి ఆయనకే నవ్వొచ్చీది." చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి గోనెతెరకు తల ఆనించి అలాగే నిద్రపోయింది.

లేపబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బయట గంప నిండా నెత్తళ్ళు ఉన్నాయి. అమ్ముడవకపోతే ఆమె వాటిని మళ్ళీ రెండు బస్సులు మారి మోసుకుపోవాలి. మా ఆవిడ ఒక్క క్షణం చూసి, చెంగు చుట్టకుదురులా చుట్టి తలమీద పెట్టుకుని, "పట్టు" అంది. పట్టి ఎత్తాను. ఆమె అలాగే వీధిలోకి నడిచింది. "ఎండు నెత్తళ్ళో!" అని ఆమె వేసిన కేక నాకు పొలం దాకా వినిపించింది. మొదటిసారి కాస్త వణికింది, రెండోసారి వణకలేదు. రైతు ఇంటి ఇల్లాలు గంపెత్తుకుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూశారు. చూసినవాళ్ళంతా కొన్నారు కూడా. గంటన్నరలో గంప ఖాళీ.

పిన్ని లేచి, ఖాళీ గంప చూసి ముందు బెంబేలెత్తింది. సంగతి తెలిసి మా ఆవిడను దగ్గరికి లాక్కుంది. అంతలోనే అనుమానంగా ముఖం పెట్టి, "కొసరేసేవా?" అని అడిగింది.

"కొసరా? వెయ్యలేదత్తా."

"ఓలమ్మోలమ్మ! రేపు నా పేణం తీసీస్తారు!" అని తల పట్టుకుంది. తర్వాతి వారం పిన్ని ఊరంతా తిరిగి ఎవరికి రావలసిన కొసరు వాళ్ళకు వేసిందట. మా ఆవిడ కూడా వెంట వెళ్ళింది, తప్పు తనది కాబట్టి.

గాలి ఆ వానాకాలం చివర్లో వచ్చింది. తుఫాను మమ్మల్ని తప్పించి ఒడిశా వైపు పోతుందన్నారు. పోతూ పోతూ ఒక మధ్యాహ్నమంతా మా మీద గాలి విసిరింది. కొబ్బరిమట్టలు నేల ఊడ్చాయి. మా ఇంటి పెంకులు నలభై దాకా లేచిపోయాయి. మేమిద్దరం సాలలో పశువుల దగ్గర కూర్చున్నాం. గాలి గోడ చుట్టూ తిరుగుతూ ఊళ పెట్టింది. వాసాలు కిర్రుమన్నాయి. వల బిగుసుకుని, సడలి, మళ్ళీ బిగుసుకుంది. గేదె నెమరు వేయడం ఆపలేదు. సాయంత్రానికి గాలి తగ్గాక బయటికి వచ్చి చూస్తే చూరున నాలుగు తాటాకులు చీలి ఉన్నాయి, అంతే.

ఫోనుకు సిగ్నలు రాగానే మొదట మోగింది మావ నుంచే.

"కప్పుందా?"

"ఉన్నాది మావా! మా ఇంటి పెంకులే ఎగిరిపోనాయి."

"ఇంటికి కూడా నన్నే పిలవాల్సింది" అని ఫోన్ పెట్టేశాడు.

వారం తర్వాత ఆరు రేకులూ ట్రాలీలో వేసుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని సముద్రపొడ్డుకు వెళ్ళాం. వలలు దాచుకునే పాక కడతాడట మావ. ఉప్పుగాలికి జింకు రేకైనా తుప్పు పడుతుందని, మేమెళ్ళేసరికే పడవలకు వేసే నీలం రంగు డబ్బా తెరిచి ఉంచాడు. ఆ రోజు పని మాది. ఇసుకలో చుట్టూ గుంజలు దింపి, వాటికి రేకులు బిగించాం. లోపల నేను నట్టు తిప్పాను, బయట మా ఆవిడ బోల్టు తల పట్టుకుంది. ఆ ఊరి ఆడవాళ్ళు ఆమె చేతిలో పానా చూసి నవ్వుతుంటే, పిన్ని అందరికీ ఆమె నెత్తళ్ళు అమ్మిన కథ కొసరుతో సహా చెప్పింది.

మధ్యాహ్నం పచ్చిచేపల పులుసుతో అన్నం పెట్టారు. అంత కారం నేనెప్పుడూ తినలేదు, అంత ఎక్కువా తినలేదు. తిన్నాక మావ, "పడవెక్కుతారా?" అని అడిగాడు. నేను ఒద్దనబోయేలోపే మా ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. నలుగురు తోస్తే పడవ అలలు దాటింది. ఒడ్డు చిన్నదైపోయింది. దూరాన నీలం రంగు ఆరని పాక ఎండకు మెరిసింది. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"మావా, ఇంకొంచెం దూరం పోనిస్తావేటి?" అని ముందునుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"పోనిస్తానమ్మా" అన్నాడు మావ. ఆయన నవ్వడం అదే మొదటిసారి విన్నాను.